కారెంపూడి ఐదు రోజులు, మా జట్టు ఆరో రోజు

పల్నాటి వీరచరిత్ర ఎవరిదని అడిగితే తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళెవరైనా శ్రీనాథుడిదంటారు. మా నాయనమ్మని అడిగితే "మీ తాతోళ్ళదిరా" అనేది. మొదటి జవాబు రాసి మేము మార్కులు తెచ్చుకున్నాం. రెండోది రాస్తే సున్నా వచ్చేది. ఈ వ్యాసం ఆ రెండో జవాబు గురించి.

పల్నాడు తెలియని మిత్రుల కోసం ముందు నాలుగు ముక్కలు. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకీ, మాచర్ల మలిదేవుడికీ, అంటే సవతి అన్నదమ్ముల మధ్య, జరిగిందని చెప్పుకునే పోరు ఇది. కోడిపందెం, ఏడేళ్ళ వలస, రాయబారానికెళ్ళిన అలరాజు చావు, చివరికి కారెంపూడి రణం. అటు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు, బ్రహ్మనాయుడి పక్కన మాల కన్నమదాసు. ఆ పోరులో ఒరిగినవాళ్ళని దేవుళ్ళు చేసుకుని ఏటా కార్తీక అమావాస్య నుంచి కారెంపూడిలో ఐదు రోజులు కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకి ఒక్కో పేరు. ఊళ్ళ నుంచి ఆచారవంతులు వీరుల ఆయుధాలు మోసుకొస్తారు, నాగులేటిలో కడుగుతారు, వీరుల గుడికి చేరుస్తారు. అక్కడ ఈ కథ పాడేవాళ్ళని వీరవిద్యావంతులంటారు. వాళ్ళు మాలలు.

విద్యావంతులు అన్న మాట దగ్గర మాకెప్పుడూ నవ్వొస్తుంది. యూనివర్సిటీలో ఏ ఫారం నింపినా మమ్మల్ని "మొదటి తరం విద్యావంతుల" కిందే రాసుకుంటారు. మా తాత కూడా విద్యావంతుడే. వేలిముద్ర వేసే విద్యావంతుడు. వరసగా కొన్ని రాత్రులు పుస్తకం లేకుండా పాడగలిగినవాడు.

మా తాత వాళ్ళది నలుగురి జట్టు. ముందు నిలబడి కత్తి పట్టి కథ నడిపేది పెదతాత. మా తాతది పంబ. చినతాత తాళం వేస్తూ వంత పాడేవాడు. తిత్తి పట్టే ఆయన వరసకి మాకు మామ. తిత్తి నిండకపోతే పెదతాత గొంతు లేచేది కాదని ఇంట్లో సామెత లాగా చెప్పుకునేవాళ్ళు. 2005 కార్తీకం తర్వాత ఈ జట్టు కారెంపూడి వెళ్ళలేదు. మేము ఎం.ఏ. చదువుతూ 2011లో మిగిలిన ముగ్గురినీ వేపచెట్టు కింద కూచోబెట్టి ఫోనులో రికార్డు చేశాం. మా ప్రశ్న చాలా పద్ధతిగా ఉంది: వీరగాథలో మీకు ముఖ్యమనిపించిన ఘట్టం ఏది? వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తోలు గురించి మొదలుపెట్టారు.

కార్తీకంలో మంచు దిగుతుంది. రాత్రి మూడో జాముకి పంబ తోలు చెమ్మెక్కి మెత్తబడుద్ది. అప్పుడు కొడితే పంబ మూలుగుద్దిగాని పలకదు. కథ ఆపకుండానే గడ్డిమంట వేసి కాచాలి. తక్కువ కాస్తే పలకదు, ఎక్కువ కాస్తే పగులుద్ది. మా తాతకి ఆ మంట కొలత వేలి కొసల్లో ఉండేదట. ఆయన పంబ కాచే సేపు పెదతాత కథని సాగదియ్యాలి, అలరాజు గుర్రం ఎక్కిన దగ్గరే ఇంకాస్త సేపు ఎక్కుతూ ఉండాలి. జనానికి అది వర్ణన. జట్టుకి అది తోలు ఆరేదాకా కాలక్షేపం. కావ్యాల్లో వర్ణనలు ఎందుకుంటాయో మేము లక్షణ గ్రంథాల్లో చదివాం గాని, ఇట్టాంటి కారణం ఏ లక్షణకారుడూ రాయలేదు.

తోలు తర్వాత వాళ్ళు చెప్పింది మిగతా జట్ల గురించి. ఏడాదంతా ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి కూలి వాళ్ళది. జట్టు జట్టు కలిసేది ఆ ఐదు రోజులే. వేరే ఊరి జట్టు బాలచంద్రుడు తల్లి ఐతమ్మ దగ్గర సెలవు తీసుకునే చోట ఒక కొత్త రాగపు విరుపు విరిచిందనీ, పెదతాత చీకట్లో నక్కి కూచుని మూడు రాత్రులు విని దాన్ని ఎత్తుకొచ్చాడనీ చినతాత పొట్ట పట్టుకుని నవ్వాడు. మళ్ళీ ఏడు అదే జట్టువాళ్ళు మా విరుపుని విని, "ఇది మాది గాదా?" అనబోయి, పెదతాత దాన్ని ఎంత మార్చాడంటే, గుర్తుపట్టలేక ఊరుకున్నారట. ఆ జట్లకి పందిరి లేదు, మైకు లేదు. మా నలుగురూ ఇంటి నుంచి బియ్యం మూట, ఎండుమిరగాయలు, లాంతరు, సీసాలో కిరసనాయిలు మోసుకెళ్ళేవాళ్ళు. చింతచెట్టు కింద చోటు దొరికితే అదే విడిది. ఎవరూ పిలవలేదు, ఎవరూ బేరమాడలేదు. ఎవరూ పొమ్మనటానికి లేదు. ఇది చెప్పేటప్పుడు ముగ్గురి మొహాలూ వెలిగిపోవటం మేము చూశాం. అప్పట్లో మాకు ఆ వెలుగు నచ్చలేదు.

ఎందుకు నచ్చలేదో చెప్పాలి.

మేము చదువుకున్న ఉద్యమ సాహిత్యం కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తుటి నుంచి వచ్చింది. 'చిక్కనవుతున్న పాట' (1995) చేతికొచ్చినప్పుడు మాకు భాష దొరికినట్టనిపించింది. ఆ భాషతో చూస్తే కారెంపూడిలో కనిపించేది ఒకటే: వెలమ దొర కొడుకు శౌర్యాన్ని మాలవాడు గొంతు చించుకుని పాడుతున్నాడు. చచ్చినవాళ్ళు రాజులు, దేవుళ్ళయినవాళ్ళు రాజులు, వాళ్ళ చావుకి ఏడ్చే పని మాత్రం మనది. కన్నమదాసు సేనాని అయ్యాడంటే దొర కోసం చావటానికే గదా. ఎం.ఏ. చివర్లో మేము రాసిన చిన్న పరిశోధనా వ్యాసానికి "గాన వెట్టి" అని పేరు పెట్టాం. మంచి మార్కులొచ్చాయి. ఇప్పుడు తిరిగి చదివితే అందులో తప్పు వాక్యాలు పెద్దగా లేవు. కాని ఆ వ్యాసంలో తోలు లేదు, గడ్డిమంట లేదు, దొంగిలించిన విరుపు లేదు. అంటే మా తాత వాళ్ళు లేరు. పండితులు వాళ్ళని ఎట్టా తీసేశారో మేమూ అట్టాగే తీసేశాం, దారి వేరే గాని.

పండితుల దారి తెలిసిందే. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు పల్నాటి వీరచరిత్రని అచ్చు వేసిన దగ్గర్నుంచి చర్చంతా శ్రీనాథుడు ఎంత రాశాడు, ద్విపద ఎక్కడ తప్పింది, చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నదాని చుట్టూ నడిచింది. గ్రంథం దొరకటం మేలే, కాదనం. కాని గ్రంథం దొరికాక గొంతు ఆధారం కింద దిగజారింది. పాడేవాడు తాళపత్రానికి సాక్షి అయ్యాడుగాని కర్త కాలేదు. మరి శ్రీనాథుడి కాలానికే ఈ పాట వీధిలో ఉంది. వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉన్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధిలో ఒక ఆడమనిషి వాద్యం మోగిస్తూ ద్విపదలో పల్నాటి వీరుల్ని పాడుతుంది, కుర్రవాళ్ళు అక్షరం అక్షరానికీ ఊగిపోతుంటారు. ఆ కావ్యాన్ని శ్రీనాథుడికే కట్టబెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ పాడినామె ఎవరన్న చర్చ మాత్రం మాకు పాఠంలో రాలేదు. ఆడమనిషి పాడిన కథని ఇప్పుడు మగజట్లే పాడటం గురించీ ఏ ప్రశ్నా రాలేదు. మా నాయనమ్మకి కథ మొత్తం వచ్చు. పొయ్యి దగ్గర పాడేది. జట్టులో ఆమెకి చోటు లేదు. పెదతాత ఎక్కడైనా మర్చిపోతే ఇంటికొచ్చి ఆమెనే అడిగేవాడు.

సినిమావాళ్ళూ రెండుసార్లు ఈ కథ తీశారు. 1947లో గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెడితే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. 1966లో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. యుద్ధం తెరకెక్కింది. ఆ యుద్ధాన్ని ఇంతకాలం మోసుకొచ్చిన గొంతు ఎవరిదన్నది ఆ తెరకి పనిలేని సంగతి.

ఈ వరసలో ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు కారెంపూడి ప్రాంతానికొచ్చి ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథని రికార్డు చేసి, ఇంగ్లీషు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు. అందులో గాలెయ్య పేరుంది, ఆయన కులం ఉంది, ఆయన పాడిన కథ ఉంది. ఒక మాల విద్యావంతుడు కవి స్థానంలో కూచున్న పుస్తకం అది. మేము దాన్ని మొదటిసారి చూసింది యూనివర్సిటీ లైబ్రరీలో, బయటికివ్వని పుస్తకాల అరలో. తర్వాత 1986లో వెల్చేరు నారాయణరావుగారు ఆరు తెలుగు జానపద వీరగాథల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసంలో, భూమి చుట్టూ తిరిగే మగవాళ్ళ యుద్ధకథల వైపు పల్నాటిని ఉంచి, ఆత్మార్పణ చేసిన ఆడవాళ్ళ కథల్ని రెండోవైపు నిలబెట్టి చూపించారు. ఆ వ్యాసం మాకు చాలా నేర్పింది. కథ ఏ కులాల ప్రపంచాన్ని చూపిస్తుందో అంత తేటగా చెప్పినవాళ్ళు తక్కువ. కాని మా ప్రశ్న దాని పక్కన మొదలవుతుంది. కథ భూమి ఉన్నవాళ్ళది, సరే. భూమి లేని నలుగురు దాన్ని అంత ఇష్టంగా ఎందుకు గుర్తుపెట్టుకున్నారు?

భక్తి అంటారు కొందరు. బానిస బుద్ధి అన్నాం మేము. రెండూ వాళ్ళ మాటలు వినకుండా ఇచ్చిన తీర్పులే. ఆ రికార్డింగులో వాళ్ళు బ్రహ్మనాయుడి గొప్పతనం గురించి మాట్లాడింది ఏ రెండు నిమిషాలో. మిగతాదంతా తోలు, తిత్తి, చలి, నవ్వులు, పక్క జట్టు, కత్తి. కత్తి గురించి మాత్రం మా తాత కొంచెం ఆగి చెప్పాడు. అన్న కత్తి లేపితే అరుగుల మీద కూచునే పెద్దమనుషులు కూడా నోరు మూసుకోవాల్సిందే. మధ్యలో లేచిపోతే వీరుడికి కోపం. "ఏడాదిలో ఐదు రోజులు మేం మాట్లాడతాం, వాళ్ళు వింటారు" అన్నాడు. ఇది బానిస మాట్లాడే మాట కాదు. అట్టాగని విముక్తి అని పండగ చేసుకునే మాటా కాదు. ఐదు అన్న అంకె ఆ వాక్యంలోనే ఉంది గదా.

చాపకూడు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మందపోరు రోజు చాపకూడు. అన్ని కులాలవాళ్ళూ ఒక్క చాప మీద కూచుని తినటం. బ్రహ్మనాయుడి సంస్కరణ అని పాఠ్యపుస్తకాలు, ఉపన్యాసాలు దీన్ని తెగ పొగుడుతాయి. మా వాళ్ళలోనూ కొందరు దీన్ని పల్నాటి సమతావాదంగా ఎత్తిపట్టారు. కుల భోజనాల్ని తప్పుపట్టిన ఒక జ్ఞాపకం ఎనిమిది వందల ఏళ్ళు బతకటం చిన్న సంగతేమీ కాదు, దాన్ని మేము తోసెయ్యం. కాని మా చినతాత రికార్డింగులో ఒక మాట అన్నాడు: మూడో రోజు పక్కన కూచున్నవాడే ఆరో రోజు మా ఊరి హోటల్లో టీ తాగుతూ కనపడ్డాడు. ఆయన గ్లాసు బల్ల మీద, మా గ్లాసు చూరులో. ఆయన్ని ఈయన పలకరించలేదు, ఈయన్ని ఆయన పలకరించలేదు. చినతాత ఇది కోపంగా చెప్పలేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు. ఆ చెప్పిన తీరుకే మాకు అప్పుడు ఒళ్ళు మండింది.

ఇంకో లోపం మా సొంతం. కన్నమదాసు పేరు చెప్పుకుని మాలలు ఛాతీ విరుచుకునే ఈ కథలో మాదిగవాడ ఎక్కడుంది? ఆ ముగ్గురినీ మేము ఈ ప్రశ్న అడగలేదు. అడగాలని తోచకపోవటమే మా కులం మాకు నేర్పిన పాఠం. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా డప్పుని వెట్టి చాకిరీ గుర్తు నుంచి తీసి జెండా చేసింది. అది చూసినప్పుడల్లా, పంబ అట్టా ఎందుకు మారలేదని ఆలోచిస్తుంటాం. మాకు తోచింది ఇది: డప్పుకి తనదైన కథ కట్టి లేదు, కాబట్టి ఉద్యమం దానికి కొత్త కథ కట్టగలిగింది. పంబ కథతో కట్టేసి పుట్టింది. తోలు మార్చొచ్చు, కథ మార్చటం అంత తేలిక కాదు. నాగమ్మని దుర్మార్గురాలిగా పాడకుండా ఆ పంబ మోగదు. ఒక ఆడది మంత్రిగా రాజ్యం నడిపితే ఏమంటారో ఆ కథలో ఇప్పటికీ వినొచ్చు.

ఈ పాత వాద్యం మా వాడల్లో తగ్గటానికి ఉద్యమమే కారణం కాదు. హెయర్ అనే లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చి, 1849 నాటికి గురజాల చేరాడు. పల్నాటి మాలవాడల్లో చాలా ఇళ్ళు ఆ దారిన నడిచాయి. మా నాయనమ్మ పుట్టిల్లు లూథరన్ ఇల్లు. బడి, అక్షరం, ఒంటి మీద చొక్కా ఆ వైపు నుంచే ముందుగా వచ్చాయని ఆమె చెప్పేది. ఆ ఇళ్ళల్లో పంబ అటకెక్కింది. అయినా క్రిస్మస్ రాత్రి ఆమె అన్న కంజిర కొడుతుంటే అందులో పంబ నడక వినపడుతోందని మా తాత ఎగతాళి చేసేవాడట. చేతికి మతం మారిందని తెలియలేదన్నమాట.

ఇక ఆరో రోజు సంగతి. మేము ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం అది.

2011లో మా ఫోను మెమరీ కార్డు చిన్నది. ముగ్గురూ మొదటి గంటంతా కబుర్లే చెప్పారు. ఆ తర్వాతగాని పాట ఎత్తుకోలేదు. పాట మొదలవగానే కార్డు నిండిపోతుందని భయపడి, ఆ కబుర్ల చివరి భాగం మేమే చెరిపేశాం. మా పరిశోధనకి కావాల్సింది పాట, కబుర్లు కావు అనుకున్నాం. మూడేళ్ళకి తాత పోయాడు. ఇప్పుడు మా దగ్గర పాట ఉంది. పాట వేరే జట్ల దగ్గరా దొరుకుతుంది, గాలెయ్య పాడింది పుస్తకంలోనే ఉంది. చెరిపేసిన ముక్క ఇంకెక్కడా లేదు. దాన్ని ఇప్పుడు జ్ఞాపకం మీద రాస్తున్నాం, అంటే మా తాత వాళ్ళు పాడిన పద్ధతిలోనే.

కల్లిపాడు అయిపోయాక, ఆరో రోజు తెల్లారుజామున నలుగురూ నాగులేటి ఒడ్డున తుండు పరిచి వచ్చిందంతా పోసేవాళ్ళు. చిల్లర, గింజలు, ఎవరో కప్పిన పంచె. వాటాలు వేసేది తిత్తి మామ. కత్తి పట్టినవాడికీ, తాళం కొట్టినవాడికీ ఒకటే వాటా. దీని మీద ఒక ఏడు గొడవైందట. గొంతు పోయేది నాది గదా అని పెదతాత అన్నాడు. తిత్తి మామ ఏమీ అనకుండా తిత్తి మూతి కట్టి పక్కన పెట్టి, ఇప్పుడు పాడు అన్నాడు. పెదతాత రెండు చరణాలు పాడి ఆపేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇది చెబుతూ తిత్తి మామ సిగ్గుపడ్డాడు, అన్న లేడు గదా ఇప్పుడెందుకులే అన్నాడు.

వాటాలు నలుగురికి నాలుగు కాదు, ఆరు. ఐదోది అంతకుముందు జట్టులో ఉండి పాముకరిచి పోయినాయన భార్యకి. ఆమె రెండో పెళ్ళి చేసుకున్నాక కూడా ఇచ్చారు. ఆరోది పంబకి. పంబ కూడా పనిచేసింది గదా. ఆ వాటా ఎవరూ తాకరు, మళ్ళీ ఏటికి తోలు మార్చటానికి అది నాయనమ్మ దగ్గర ఉండేది.

మా వినుకొండ మహాకవి జాషువా 'పిరదౌసి'లో బంగారం ఇస్తానన్న రాజు కవికి వెండి ఇవ్వటం గురించి రాశాడు. మేము ఆ కావ్యం చదివినప్పుడు ఏడ్చాం. మా జట్టుకి మాట ఇచ్చిన రాజే లేడు, కాబట్టి మోసపోయే అవకాశమూ లేదు. ఉన్న కాసిని గింజల్ని వాళ్ళు పంచుకున్న తీరు మాత్రం ఏ రాజూ నేర్పింది కాదు. చాపకూడు కోసం పండితులు బ్రహ్మనాయుడి ఇంట్లో వెతుకుతున్నారు. మాకైతే అది ఆ తుండు మీద కనపడుతోంది. ఏడాదికొక్క పూట, ఎవరూ చూడని చోట, నలుగురు కూలీల మధ్య. ఆ తుండు చుట్టూ ఆడవాళ్ళు లేరు, అదీ చెప్పాలి. ఒక వాటా దక్కినామె కూడా గింజలు తీసుకోవటానికి వాకిట్లో నిలబడింది గాని ఏటి ఒడ్డుకి రాలేదు.

ఇంత తెలిశాక "గాన వెట్టి" అన్న మాట వెనక్కి తీసుకుంటారా అని ఈ మధ్య ఒక సెమినార్లో విద్యార్థి మిత్రుడొకరు అడిగారు. తీసుకోం. చూరులో గ్లాసు ఉన్నంతకాలం ఆ మాటకి పని ఉంది. కాని ఆ మాట రాసినప్పుడు మాకు తెలియని సంగతి ఒకటి ఉంది. అది మా నాయనమ్మ పోయే ముందు చెప్పింది.

2005లో జట్టు చివరిసారి వెళ్ళొచ్చినప్పుడు పంబ తోలు ఒక పక్క చిరిగింది. పంబ వాటా ఆమె దగ్గరే, పసుపు గుడ్డలో, గూట్లో ఉంది. మళ్ళీ ఏడు తోలు కొనాల్సిన రోజుల్లోనే మా డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్ష ఫీజు గడువు దగ్గరపడింది. మిరప ఆ ఏడు దెబ్బతింది, చేబదులు పుట్టలేదు. ఆమె గుడ్డ విప్పబోయి తాతని అడిగింది. అది నాదేంది, పంబది, నలుగురినీ అడుగు అన్నాడట. నలుగురూ మా వాకిట్లో కూచున్నారు. తిత్తి మామ డబ్బులు లెక్కపెట్టి, పదకొండు రూపాయలు తక్కువైతే ఆయన కలిపాడు.